పిల్లకు ఊరు వెతికిన పెద్దక్క

మా పెద్దక్క పోయింది. పోయిన శుక్రవారం నేను ఎమ్మిగనూరు బడిలో పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తుండగా మగ్గాల వీధి నుంచి ఒక నేతగాడు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "టీచరమ్మా, మీ పెద్దక్కకు బాగలేదు, ఒకసారి రా" అన్నాడు. బాగలేదని చెప్పడానికి ఎవరూ తలపాగా తీయరు. పిల్లలను పక్క తరగతి పంతులుగారికి అప్పజెప్పి అతని వెంట నడిచాను.

పెద్దక్క నాకు రక్తసంబంధం కాదు. ఆదోనిలో ఒక అనాథ శరణాలయానికి ఆమె చాలా ఏళ్లు మేట్రన్. నేను అక్కడి పిల్లలకు అక్షరాలు నేర్పేదాన్ని. పిల్లలంతా ఆమెను పెద్దక్క అనేవారు, నాకూ అదే పిలుపు అలవాటైంది. ఆమె గురించి నాలుగు మాటలు రాసేవాళ్లు వేరే ఎవరూ లేరు కాబట్టి నేను రాస్తున్నాను. చదివేవారు చివరికి ఏదో మంచి జరిగి ఉంటుందని ఎదురుచూడవద్దు. అలాంటిదేమీ జరగలేదు.

ఆమెది పెద్దకడుబూరు పక్కన ఒక పల్లె. ఇంకా పరికిణీలు కట్టుకునే వయసులోనే పెళ్లయి, భర్త ముఖం సరిగా గుర్తుపట్టేలోగా అతను పోయాడు. అన్న మంచివాడై చదివించాడు. శరణాలయంలో చేరేనాటికి ఆమెకు పాతికేళ్లు కూడా నిండలేదట. నేను చూసేనాటికి జుట్టు సగం నెరిసింది. నడక మాత్రం మగవాళ్లు అందుకోలేనంత వేగం. చెప్పులు అరిగిపోతాయని సంచిలో పెట్టుకుని వట్టికాళ్లతో నడిచేది. ఏదైనా ఆఫీసు గేటు కనబడగానే ఆగి, కాళ్లు దులుపుకుని, చెప్పులు తొడుక్కునేది. లోపలికి పోయాక గుమాస్తాను ముందు పని అడిగేది కాదు. "మీ పిల్లోళ్లు ఏమి సదువుతాండారు సామీ?" అని అడిగేది. అతను సంతోషంగా చెప్పుకున్నాక, "మా పిల్లోళ్లు కూడా సదవాల గదా, అందుకే వచ్చినా" అనేది.

శరణాలయంలో ఎప్పుడూ కొందరు అవిటి పిల్లలు ఉండేవారు. తల్లిదండ్రులు లేనివాళ్లు కొందరు, ఉండి వదిలేసినవాళ్లు కొందరు. వాళ్లకు అన్నం పెట్టి ఒక మూల కూర్చోబెడితే చాలని కమిటీవాళ్ల అభిప్రాయం. పెద్దక్క ఒప్పుకునేది కాదు. "తల్లీతండ్రీ ఉండే పిల్లోళ్లకు సర్కారు ఏమిస్తుందో మనోళ్లకూ అదే ఇయ్యల్ల. మనము అడిగేది బిచ్చము కాదు" అనేది. కాళ్లు చచ్చుబడిన ఒక పిల్లవాణ్ణి చంకనేసుకుని బస్సులో బళ్లారి పెద్దాసుపత్రికి తిప్పి తిప్పి చంకకర్రలు సాధించింది. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలోనే ఉండేది. వాడు వాటితో వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచిన రోజు ఆమె వంటమనిషి చేత పాయసం చేయించింది. నాకు తెలిసి ఆమె గెలిచింది ఆ ఒక్కసారే.

కరువు ఏడు ఈరమ్మ వచ్చింది. ఊరూరా గంజి కేంద్రాలు నడిచిన రోజులవి. కౌతాళం గంజి కేంద్రాన్ని ఎత్తేసేటప్పుడు ఒక పిల్ల మిగిలిపోయింది. పిల్ల తాలూకువాళ్లు ఎవరని అడిగితే ఎవరూ ముందుకు రాలేదు. అక్కడి సూపర్వైజరు ఆ పిల్లను బండిలో మా దగ్గరకు తెచ్చాడు. నాలుగైదేళ్లుంటాయి. పేరు అడిగితే చెప్పదు, ఊరు అడిగితే చెప్పదు. బెదిరిపోయిందిలే అనుకున్నాము. మా శరణాలయం పక్కనే పత్తి మిల్లు. మధ్యాహ్నం మిల్లు కూత వినబడితే పిల్లలంతా పళ్లేలు తీసుకుని పరుగెత్తేవారు. ఆ రోజు కూత మోగింది, అందరూ లేచారు, ఈ పిల్ల ఒక్కతే గోడ మీద పాకే చీమలను చూస్తూ కూర్చుంది. పెద్దక్క వరండాలో నిలబడి కాసేపు చూసింది. తర్వాత పోయి పిల్ల ఎదురుగా కూర్చుని, అన్నం తిందామన్నట్టు చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపింది. పిల్ల వెంటనే లేచింది.

మిగతా పిల్లలు ఆమెను మూగి అని పిలవడం మొదలుపెట్టారు. పెద్దక్క వాళ్లను కూర్చోబెట్టి, "పిలిసేదానికి పేరుండాల. ఈ పొద్దుటి నుంచి ఈ పాప పేరు ఈరమ్మ" అంది. ఒక పిల్లవాడు లేచి, "పిలిస్తే ఇనపడదు గదక్కా, పేరు ఎందుకు?" అన్నాడు. "ఆ పాపకు ఇనపడేదానికి కాదురా, నీకు తెలిసేదానికి" అంది.

బళ్లారి డాక్టరు పరీక్ష చేసి పుట్టుచెవుడని చెప్పాడు. మద్రాసులో చెవిటి పిల్లల బడి ఉంది, అక్కడ పెదవులు చూసి మాట తెలుసుకోవడం, కొంత మాట్లాడడం కూడా నేర్పుతారు, ఎంత చిన్నప్పుడు చేరిస్తే అంత మంచిది అన్నాడు. పెద్దక్క ఆ బడికి రాసింది. చోటు ఉంది, ఖర్చు సర్కారు భరిస్తుంది, పిల్ల సొంత ఊరి కరణం చేత ధ్రువపత్రం పంపండి అని జవాబు వచ్చింది.

సొంత ఊరు. అక్కడే అంతా ఆగిపోయింది.

పెద్దక్క, నేను, ఈరమ్మ కౌతాళం పోయాము. కరణం పెద్దమనిషి, మాకు మజ్జిగ ఇప్పించాడు. పిల్లను ఎగాదిగా చూసి తల అడ్డంగా ఊపాడు. "మా ఊరి పిల్ల కాదమ్మా. గంజికి యాడాడ నుంచో వచ్చినారు. ఏరవతల నిజాం రాజ్యం నుంచి కూడా వచ్చినారు. నేను ఏమని రాసియ్యాల?" అన్నాడు.

"మీ ఊర్లో దొరికిందని రాసియ్యండి సామీ."

"దొరికిందని రాస్తా. పుట్టిందని రాయలేను. వాళ్లు అడిగేది పుట్టిన ఊరు."

అప్పటి నుంచి పెద్దక్క సెలవు దొరికినప్పుడల్లా ఈరమ్మ చెయ్యి పట్టుకుని ఆ చుట్టుపక్కల పల్లెలు తిరిగేది. బావుల దగ్గర, కళ్లాల దగ్గర, పత్తి తీసే చేలల్లో పిల్లను నిలబెట్టి, "ఈ పాపను యాడన్నా సూసినారా అమ్మా?" అని అడిగేది. ఆడవాళ్లు పిల్ల గడ్డం పట్టి ఎత్తి చూసేవారు, చెవులు చూసేవారు, మోచేతి మీద పచ్చబొట్టు చూసేవారు. పాపం అనేవారు. చూసినామని ఒక్కరూ అనలేదు.

ఈలోగా రాష్ట్రం విడిపోయింది. ఆంధ్ర వేరు, మద్రాసు వేరు అయ్యాయి. బళ్లారి మైసూరుకు పోయింది, ఆదోని కర్నూలు జిల్లాలో కలిసింది. ఊరంతా పండగ చేసుకుంది. శరణాలయం పిల్లలు కూడా ఊరేగింపులో నడిచారు. తర్వాత కొద్ది రోజులకు మద్రాసు బడి నుంచి కార్డు వచ్చింది. ఇక మీదట మీ పిల్లల సంగతి మీ రాష్ట్రమే చూసుకోవాలి అని. బళ్లారి ఆసుపత్రిలో కూడా అదే మాట. చంకకర్రల పిల్లవాడు ఎదిగాడు, కర్రలు పొట్టివైపోయాయి, కొత్తవి అడగబోతే మీరు కర్నూలు పోవాలన్నారు.

కర్నూలు పోయాము. కొత్త రాజధానిలో చాలా ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయి. ఎండాకాలం. గాలికి కాగితాలు లేచిపోకుండా ప్రతి బల్ల మీదా గుండ్రాళ్లు పెట్టుకున్నారు. పెద్దక్క గుడారం బయట చెప్పులు తొడుక్కుంది. లోపల గుమాస్తా చిన్నవాడు, మర్యాదస్తుడు. అంతా విని, "అమ్మా, ఆ బడి మద్రాసులో ఉండిపోయింది. మనకింకా అట్లాంటి బడి లేదు" అన్నాడు.

"బడి ఆడ ఉండిపోయింది, పిల్ల ఈడ ఉండిపోయింది. మధ్యలో ఎవురిని అడగాల నాయనా?"

అతను కాసేపు కాగితాలు తిరగేసి, "ఇంకో మాట. ఈ పాప ఆంధ్ర పిల్లేనని ఆధారమేముంది? రేపు మన బడి వచ్చినా అది అడుగుతారు" అన్నాడు.

తిరుగు బస్సులో పెద్దక్క చెప్పులు తీసి సంచిలో పెట్టుకుంది. ఈరమ్మ ఆమె ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయింది. కోడుమూరు దాటాక నాతో అంది: "నోరుండే పిల్ల అయితే మా ఊరు ఇదని సెప్పేది. నోరుంటే ఈ బడే అక్కర లేదు."

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న జాతరకు ఏటి ఇటువాళ్లు, అటువాళ్లు అందరూ వస్తారు. ఆ మాసంలో జాతరకు పోయి బస్సులు, బండ్లు ఆగేచోట ఈరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కూర్చోవడం పెద్దక్కకు ఆనవాయితీ అయింది. అడుక్కునేవాళ్లనుకుని జనం కొబ్బరి చిప్పలు, బెల్లం ముక్కలు పిల్ల ఒళ్లో వేసిపోయేవారు. పెద్దక్క అవి తీసి పక్కన పెట్టి, "అది కాదు తల్లీ, ఈ పాప ముఖము సూడు, ఎవురి పాపో తెలుస్తాదేమో సూడు" అనేది.

అలా కొన్ని శ్రావణాలు పోయాయి. ఒక ఏడు నేనూ వెంట ఉన్నాను. ఎర్ర చీర కట్టుకున్న ఒక ముసలామె మమ్మల్ని దాటి పోయి, ఆగి, వెనక్కి వచ్చింది. ఈరమ్మ ముందు గొంతుక్కూర్చుని మోచేయి తిప్పి పచ్చబొట్టు చూసింది.

"ఇది బసవ్వ బిడ్డ గదా. పేరు నీలి. చెవుడు పిల్ల" అంది. కన్నడం, తెలుగు కలిసిన మాట. "గంజి పోస్తాండారని బసవ్వ బిడ్డను ఎత్తుకుని ఏరు దాటి వచ్చింది. దావలోనే పాణము పోయిందంట. బిడ్డ కూడా పోయిందనుకున్యాము."

ఈరమ్మ ముసలామె చీర కొంగు పట్టుకుని, ముఖం దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఏదో గుర్తుకొస్తున్నట్టు కళ్లు చిట్లించింది. తర్వాత కొంగు వదిలేసి వచ్చి పెద్దక్కకు ఆనుకుని కూర్చుంది. ముసలామె కళ్లు తుడుచుకుంటూ, "నేను తీసకపోలేనమ్మా. నాకే కూడు లేదు" అంది.

"తీసకపోవద్దు. మీ ఊరు యాడిదో సెప్పు, అంతే సాలు" అంది పెద్దక్క. ఆమె గొంతులో సంతోషం నేనెరుగుదును. ఇన్నాళ్లు వెతికిన ఊరు దొరికింది. అది రాయచూరు వైపు పల్లె, అప్పటికి ఇంకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. హైదరాబాదులో చెవిటి పిల్లల బడి ఉంది. ముసలామె వెంట పోయి ఆ పల్లె పట్వారీ చేత పిల్ల పుట్టుక రాయించుకుని, ఆ కాగితం జతచేసి హైదరాబాదుకు అర్జీ పెట్టింది. ఆ కొద్ది వారాలు ఆమె నవ్వుతూ తిరిగింది. ఈరమ్మకు రెండు గౌన్లు కుట్టించింది, బడికి పోయేటప్పుడు తొడగాలని.

అర్జీ అక్కడ చేరి ఎవరి బల్ల మీదో ఉండగానే రాష్ట్రాలు మళ్లీ మారాయి. మేము హైదరాబాదు రాజధానిగా ఉన్న కొత్త రాష్ట్రంలోకి వచ్చాము. రాయచూరు మైసూరుకు పోయింది. మీరు పంపిన పత్రం ప్రకారం ఈ బాలిక మైసూరు రాష్ట్రానికి చెందినది కాబట్టి చేర్చుకోవడానికి వీలులేదు అని జవాబు. నేను చదివి వినిపించాను. పెద్దక్క ఇంకోసారి చదవమంది. మళ్లీ చదివాను.

"ఊరు దొరక్కపోతే దొరకలేదన్నారు. దొరికితే ఆ ఊరు పనికిరాదన్నారు" అంది. కోపం కూడా లేదు ఆ మాటలో.

ఆ తర్వాత ఆమె చేసిన పని ఆదోనిలో చాలామందికి తెలుసు, ఎందుకు చేసిందో తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఒక ఉదయం ఈరమ్మను, నన్ను వెంటబెట్టుకుని తాసీల్దారు కచేరీకి పోయింది. ఆయన ఎదుట నిలబడి, "ఈ పాప నా కూతురు. ఆదోనిలో పుట్టింది. జనము మాటకు భయపడి కరువు పిల్లోళ్లలో కలిపి దాసిపెట్టినాను. ఇప్పుడు ఒప్పుకుంటాండాను. రాసుకోండి" అంది.

పుట్టింది ఆదోనిలో అయితే పిల్ల ఈ రాష్ట్రానిదే, ఇక హైదరాబాదు బడి కాదనలేదు, అదీ ఆమె లెక్క. తాసీల్దారు పెద్దవయసు మనిషి, ఆమెను ఏళ్లుగా ఎరుగును. కలం కింద పెట్టి, "అమ్మా, నువ్వు ఏమి సెప్తాండావో తెలుసునా? రాసినాక నేను కొట్టేయలేను" అన్నాడు.

"తెలుసు సామీ."

ఆయన ఈరమ్మ వంక, పెద్దక్క వంక మార్చి మార్చి చూశాడు. నమ్మలేదని నాకు తెలిసిపోతూనే ఉంది. అయినా రాశాడు. బయటికి వచ్చాక నేను ఏడుస్తుంటే, "నువ్వు ఎందుకు ఏడుస్తావు? నాకు పోయేదేముంది. మొగుడా, అత్తామామలా?" అంది.

పోయేది ఉద్యోగం. ఆ సాయంత్రానికే కమిటీవాళ్లకు తెలిసింది. మర్నాడు పిలిపించారు. అధ్యక్షుడు బట్టల వర్తకుడు, చెడ్డవాడు కాదు. "ఆ పిల్ల నీదేనా అమ్మా? కాదని ఒక్క మాట సెప్పు, మేము నమ్ముతాము" అన్నాడు. కాదంటే పత్రం అబద్ధమవుతుంది. ఆమె నేల చూస్తూ, "రాసిచ్చినాను. ఇంకేమి అడుగుతారు" అంది. మచ్చ పడిన మనిషి ఆడపిల్లల మధ్య ఉండకూడదన్నారు. ఇరవై ఏళ్లకు పైగా పెరిగిన సంబంధం ఒక పూటలో తెగిపోయింది. ఆమె వెళ్లే రోజు చంకకర్రల పిల్లవాడు గేటు దాకా వచ్చాడు. పొట్టికర్రలతో వంగి వంగి.

ఆ పత్రం పట్టుకుని ముగ్గురం హైదరాబాదు పోయాము. అప్పటికే నాకు ఎమ్మిగనూరు బడిలో ఉద్యోగం వచ్చింది, చేరడానికి ఇంకా వ్యవధి ఉంది. చెవిటి పిల్లల బడి పెద్ద కాంపౌండులో ఉంది. హెడ్మాస్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, ఈరమ్మను దగ్గరకు పిలిచి, ఆమె అరచేతిని తన గొంతు మీద పెట్టుకుని, "అమ్మా" అన్నాడు. ఈరమ్మ ఉలిక్కిపడింది. ఆయన మళ్లీ అన్నాడు. ఆమె రెండో చెయ్యి తన గొంతు మీద పెట్టుకుంది. నోరు తెరిచి ఏదో బొంగురు శబ్దం చేసింది. దానికే ముఖమంతా వెలిగిపోయింది. పెద్దక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన మా కాగితాలన్నీ చూశాడు. పాత అర్జీ ఏ ఆఫీసులో ఆగిందో గాని ఆయన దాకా రాలేదు, ఊరి పత్రం సరిపోయింది. ఇక అడ్డేమీ లేదనుకున్నాము. ఆయన వయసు దగ్గర ఆగాడు. "చేరే వయసు దాటిపోయిందమ్మా. రెండు మూడేళ్ల కిందట తెచ్చి ఉంటే నేనే తీసుకునేవాణ్ణి. ఇది నా చేతిలో లేదు" అన్నాడు. ఆయన కళ్లలో నిజమైన బాధ ఉంది.

పెద్దక్క బతిమాలలేదు. ఎంత బతిమాలాలో అంతా అప్పటికే అయిపోయింది. లేచి దండం పెట్టింది.

తిరిగి వచ్చేది పగటి బండి. కిటికీ దగ్గర కూర్చున్న ఈరమ్మ కొంతసేపు బయటికి చూసి, ఇటు తిరిగి పెద్దక్క గొంతు మీద అరచెయ్యి పెట్టింది. మాట్లాడమని. పెద్దక్క ఏమి మాట్లాడాలో తోచక స్టేషన్ల పేర్లు చెప్పింది. తర్వాత చిన్నప్పుడు వాళ్ల పల్లెలో జొన్న చేలకు కావలి పోయిన సంగతులు చెప్పింది, వాళ్ల అన్న సంగతి చెప్పింది, పెళ్లినాటి సంగతి చెప్పింది. నాకు ఎన్నడూ చెప్పనివి. గొంతు బొంగురుపోతున్నా కర్నూలు దాకా ఆపలేదు. చెయ్యి తీయడం ఈరమ్మకు ఇష్టం లేదు.

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో నేనే వాళ్లకు ఒక గది చూసిపెట్టాను. పెద్దక్క నేతగాళ్లకు నూలు కండెలు చుట్టిపెట్టేది. ఈరమ్మ కూడా నేర్చుకుంది, త్వరలోనే పెద్దక్క కంటే బాగా చుట్టింది. వాళ్లిద్దరూ చేతులతో మాట్లాడుకునేవారు. ఏళ్ల తరబడి ఇద్దరే కల్పించుకున్న సైగలవి. నీళ్లకు ఒకటి, నాకొకటి, వానకొకటి, ఆదోనికొకటి. ఒకసారి నేర్చుకుందామని కూర్చున్నాను. పది సైగలు దాటేసరికి మరిచిపోయాను. పెద్దక్క నవ్వింది.

ఈ చలికాలం ఆమెకు ఆయాసం పట్టుకుంది. ఆసుపత్రికి రమ్మంటే, "ఆపీసులు, ఆసుపత్రులు సాలు తల్లీ" అంది. ఒక సాయంత్రం నేను కషాయం కాచి ఇస్తుంటే, "ఇంత తిరిగినాను. ఒక్క పిల్లకు ఒక్క బడి సంపాదించలేకపోయినాను" అంది. నేనేదో ఓదార్పు మాట అనబోయాను. వద్దని చెయ్యెత్తింది. అబద్ధం ఆమె ఒక్కటే ఆడింది, నాతో ఇంకొకటి ఆడించడం ఇష్టం లేదు కాబోలు.

ఆదోని శరణాలయంలో కొత్త మేట్రన్ వచ్చిందట. పద్ధతిగల మనిషేనట. అవిటి పిల్లలకు వేళకు అన్నం పెట్టి ఒక మూల కూర్చోబెడుతున్నారట. వాళ్ల కోసం ఎవరూ ఏ ఆఫీసుకూ పోవడం లేదు. ఈరమ్మను మళ్లీ చేర్చుకుంటారా అని మనిషిని పంపి అడిగించాను. పెద్దపిల్ల అయిందిగా, చేర్చుకోవడానికి రూలు ఒప్పదన్నారు. ప్రస్తుతం మా ఇంట్లో ఉంచుకుని, పగలు కండెలు చుట్టడానికి ఒక నేతగాడి ఇంటికి పంపుతున్నాను. రేపేమిటో నాకు తెలియదు.

శుక్రవారం నేను పోయేసరికి పెద్దక్కను చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. ఈరమ్మ వాకిట్లో నిలబడి ఉంది. నన్ను చూడగానే ఎదురొచ్చి, చేతులు ఎత్తి ఒక సైగ చేసింది. నాకు తెలియని సైగ. రెండు వేళ్లు కలిపి, ఛాతీ దగ్గర నుంచి పక్కకు తీసి, అరచెయ్యి తెరిచింది. నాకు అర్థం కాలేదని చూసి మళ్లీ చేసింది. వీధి వీధంతా అక్కడే ఉంది. ఆడవాళ్లు, మగ్గాల మీద నుంచి లేచి వచ్చిన మగవాళ్లు, అందరూ ఆ చేతుల వంకే చూస్తున్నారు. అదేమిటో ఎవరికీ తెలియదు. ఈరమ్మ ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసింది. చివరికి నా వైపు తిరిగి, మందబుద్ధి పిల్లకు పాఠం చెప్పేటప్పుడు నేను చెప్పినంత నిదానంగా, రెండు వేళ్లు కలిపి, పక్కకు తీసి, అరచెయ్యి తెరిచి, అలాగే పట్టుకుని నిలబడింది.